వార్‌లాక్ పోగొట్టుకున్న రూపం

2016 జులై 19న మెయింటెనెన్స్ ముగిసి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ సర్వర్లు తెరుచుకున్నాయి. లీజియన్ విస్తరణకు ముందు వచ్చిన ప్యాచ్ అది. లాగిన్ అయిన డీమనాలజీ వార్‌లాక్‌లకు యాక్షన్ బార్‌లో ఓ గడి ఖాళీగా కనిపించింది. స్పెల్‌బుక్ మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా ఆ బొమ్మ లేదు. మెటామార్ఫోసిస్ పోయింది. చాలామంది వార్‌లాక్ ఆడిందే ఆ ఒక్క శక్తి కోసం. అది ఎలా పుట్టి ఎలా చేజారిందో చెప్పుకోవాలి.

పుట్టుకలోనే ఒక చిక్కుంది. ఆ రూపం మొదటి నుంచీ వార్‌లాక్‌ది కాదు. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లో డీమన్ హంటర్ అనే వీరుడి ఆఖరి అస్త్రం పేరు మెటామార్ఫోసిస్. గుల్డాన్ అనే మాంత్రికుడి కపాలంలోని శక్తిని మింగి, కొమ్ములూ రెక్కలతో రాక్షసుడైపోయిన ఇల్లిడన్ కథ అది. ఆ కథను ప్రేమించని వార్‌క్రాఫ్ట్ ఆటగాడు ఉండడు. 2008లో రాథ్ ఆఫ్ ద లిచ్ కింగ్ విస్తరణ వచ్చినప్పుడు, ఆటలో డీమన్ హంటర్ అనే క్లాస్ ఇంకా లేదు. రాక్షసులతో ఒప్పందాలు చేసుకుని, వాళ్లను కట్టిపడేసి పనిచేయించుకునే మాంత్రికుడు వార్‌లాక్. అతని డీమనాలజీ శాఖలో 51 పాయింట్ల చిట్టచివరి టాలెంట్‌గా ఆ రూపాన్ని పెట్టారు. అరువుల సొమ్ము బరువుల చేటు అన్న మాట ఆనాడు ఎవరికీ గుర్తురాలేదు.

అంత పేరున్న శక్తి చేతికొచ్చాక తేలిపోయింది. ఒకసారి వాడితే 30 సెకన్లు, మళ్లీ వాడాలంటే నిమిషాల నిరీక్షణ. ఉన్న ఆ కాసేపూ దెబ్బ ఐదో వంతు పెరిగేది, కవచం ఎన్నో రెట్లు గట్టిపడేది. కానీ దూరం నుంచి మంత్రాలు విసిరే మాంత్రికుడికి అంత కవచం దేనికి? మంటల వలయం రగిలించాలంటే శత్రువు పక్కకెళ్లి నిలబడాలి. అక్కడ బాస్ కాలి కింద నలిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. శత్రువును తనవైపు లాక్కునే అరుపు ఒకటి ఇచ్చారు, దానితో చేసే పనేమీ లేదు. రెయిడ్‌లో డీమనాలజీ వార్‌లాక్‌ను పిలిచి చోటిచ్చింది తోటివాళ్ల మంత్రశక్తిని పెంచే డీమనిక్ పాక్ట్ కోసం. రెక్కలు చూడముచ్చటగా ఉండేవి, అంతవరకే.

ఆ లోటు తీర్చింది 2012లో వచ్చిన మిస్ట్స్ ఆఫ్ పాండారియా. జెల్నాథ్ అన్న మారుపేరుతో ఆటగాళ్లకు తెలిసిన డిజైనర్ అలెగ్జాండర్ బ్రేజీ వార్‌లాక్ మూడు శాఖలనూ కొత్తగా మలిచాడు. డీమనాలజీ విషయంలో ఆయన చేసిన పనిని ఈనాటికీ మెచ్చుకోకుండా ఉండలేను. నిరీక్షణ అనే జబ్బును మూలం నుంచి తీసేశాడు. డీమనిక్ ఫ్యూరీ అనే కొత్త ఇంధనం పెట్టాడు. అది 200 దగ్గర మొదలై, మామూలు మనిషి రూపంలో మంత్రాలు వేస్తున్నకొద్దీ పెరుగుతూ 1,000 దాకా నిండుతుంది. ఎప్పుడు రూపం మార్చాలో ఆటగాడి ఇష్టం. మార్చిన క్షణం నుంచి ఫ్యూరీ కరగడం మొదలవుతుంది. రూపంతో పాటు మంత్రాలూ మారతాయి. షాడో బోల్ట్ ఉన్న బటన్ మీదికి టచ్ ఆఫ్ కేయాస్ వస్తుంది, కరప్షన్ చోట డూమ్ కూర్చుంటుంది. వేళ్లు అవే, బటన్లు అవే, లోపలున్న జీవి వేరు.

ఆ డూమ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది శత్రువు మీద నిమిషం పాటు ఉండే శాపం, పదిహేను సెకన్లకోసారి కాటేస్తుంది. అప్పటి లెక్కల ప్రకారం, వేసిన క్షణంలో మాంత్రికుడికి ఎంత బలం ఉందో ఆ బలమే శాపం తీరేదాకా నిలిచేది. అందుకే ఆరితేరినవాళ్లు పోరు మొదలవడానికి ముందే జేడ్ సర్పెంట్ పానీయం తాగి, బలం పెంచే డార్క్ సోల్ రగిలించి, ట్రింకెట్ వెలిగే దాకా కళ్లప్పగించి చూసేవారు. అది వెలిగిన ఆ కొద్ది సెకన్లలో రాక్షస రూపంలోకి దూకి, డూమ్ అంటించి, ఫ్యూరీ వృథా కాకుండా వెంటనే మనిషి రూపంలోకి దిగిపోయేవారు. మిగిలింది దాచుకుని అదను కోసం చూడటమే. ఎప్పుడు కూడబెట్టాలి, ఎప్పుడు తెగించి ఖర్చుపెట్టాలి అన్న ఆ లయ వంటబట్టడానికి వారాలు పట్టేది. వంటబట్టాక మరో క్లాస్ రుచించేది కాదు.

బ్రేజీ అక్కడితో ఆగలేదు. ఒక గ్లిఫ్ పెట్టుకుంటే డార్క్ అపొథియోసిస్ అనే మరో రూపం వచ్చేది, దానితో వార్‌లాక్ ముందు వరుసలో నిలబడి దెబ్బలు కాచుకోవచ్చు. అసలైన ట్యాంకులకు అది సాటి కాకపోయినా, సాహసించిన కొందరు దానితోనే బాస్‌లను నిలువరించారు. 2008లో పనికిరాని అరుపుగా మిగిలిన ఆశకు ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. 2013 మార్చిలో వచ్చిన 5.2 ప్యాచ్‌లో, మంటలకు పచ్చరంగు సంపాదించే కథ కూడా వచ్చింది. ఆ కథ చివర వార్‌లాక్ ఒంటరిగా కాన్రెథాడ్ అనే బాస్‌తో తలపడాలి. ఆ పోరు జరిగేది బ్లాక్ టెంపుల్‌లో, అంటే ఇల్లిడన్ కోటలో. సొంతదారుడి ఇంట్లోనే అరువుదారుడికి పట్టాభిషేకం జరిగినట్టయింది. ఆనాడు ఆ వేడుకలో ఉన్నవాళ్లెవరికీ కీడు శంకించాలని అనిపించలేదు.

పతనం మెల్లగా మొదలైంది. 2014 అక్టోబర్‌లో 6.0 ప్యాచ్‌తో డార్క్ అపొథియోసిస్ పోయింది. శాపంలో బలాన్ని బంధించే పాత లెక్కా పోయింది, దానితో పాటే ట్రింకెట్ కోసం కాచుకునే ఆ ఉత్కంఠ కూడా. 2015లో డీమనాలజీ దెబ్బను తగ్గించినప్పుడు, జనం ఈ శాఖ వైపు మొగ్గకపోవడమే తమకు కావాలని డిజైనర్లు దాచకుండా చెప్పారు. అదే ఏడాది ఆగస్టు 6న జర్మనీలోని కొలోన్‌లో, గేమ్స్‌కామ్ వేదిక మీద లీజియన్‌ను ప్రకటించారు. కొత్త క్లాస్ డీమన్ హంటర్. తెర మీద ఇల్లిడన్ వారసులు రెక్కలు విప్పుతుంటే హాలంతా కేకలు. అది చూస్తున్న వార్‌లాక్‌లకు సంగతి అర్థమైపోయింది. ఒకే రూపానికి ఇద్దరు హక్కుదారులు ఉండలేరు.

డిజైనర్ల వాదనలో పస లేదనను. ఇల్లిడన్ పేరు చెప్పుకునే క్లాస్‌కు ఇల్లిడన్ రూపం లేకపోతే ఎలా? వార్‌లాక్ రాక్షసులను పిలిచేవాడేగానీ రాక్షసుడయ్యేవాడు కాదన్నారు, అదీ కథకు పొసిగే మాటే. నా దుఃఖం వేరు. బొమ్మను తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది. ఆ బొమ్మ కింద నాలుగేళ్లు పెరిగిన ఆటతీరు మాత్రం వార్‌లాక్ సొంత కష్టార్జితం. ఫ్యూరీ కూడబెట్టడం, అదను చూడటం, బటన్ల కింద మంత్రాలు మారడం, వీటిలో ఒక్కటీ ఇల్లిడన్ దగ్గర తెచ్చుకున్నది కాదు. మరో పేరుతో, మరో రూపంతో దాన్ని నిలబెట్టి ఉండొచ్చు. వేషంతో పాటు ఆటనూ పాతిపెట్టారు.

దాని చోట వచ్చింది డీమనిక్ ఎంపవర్‌మెంట్. పిలిచిన రాక్షసులకు బలం పోసే మంత్రం. కొత్త ఇంప్‌లు వచ్చిన ప్రతిసారీ మళ్లీ చదవాలి, అవి కాసేపటికే మాయమైతే మళ్లీ మొదటికి. పోరు సగం ఆ ఒక్క బటన్‌కే సరిపోయేది. 2018లో బ్యాటిల్ ఫర్ ఆజెరాత్ వచ్చేసరికి దాన్నీ తీసేసి శాఖను ఇంకోసారి మలిచారు. ఇప్పుడున్న డీమనాలజీ చక్కగానే నడుస్తుంది, రాక్షసుల దండును నడిపించడంలో ఒక రకమైన తృప్తి ఉంది. కానీ పేరొక్కటే పాతది.

పాత ఆటను మళ్లీ తెరిచిన క్లాసిక్ సర్వర్లలో ఆ రూపం అప్పుడప్పుడూ కనిపిస్తోంది. 2023 నవంబర్ 30న మొదలైన సీజన్ ఆఫ్ డిస్కవరీలో మెటామార్ఫోసిస్ రూన్ పెట్టుకున్న వార్‌లాక్ నిజంగానే ట్యాంక్ అయ్యాడు. 2025 జులైలో మిస్ట్స్ క్లాసిక్ తెరుచుకుంది, వెయ్యి ఫ్యూరీ దాకా నిండే ఆ గీతను చాలామంది ఏళ్ల తర్వాత మళ్లీ చూసుకున్నారు. మరుసటి నెలే గేమ్స్‌కామ్‌లో మిడ్‌నైట్ విస్తరణ వివరాలు చెబుతూ డీమన్ హంటర్‌కు డివౌరర్ అనే మూడో శాఖను ప్రకటించారు. కాస్త దూరం నుంచి మంత్రశక్తితో పోరాడే శాఖ అది. ఆత్మలు కూడబెట్టి శూన్య రూపంలోకి మారాలి, మారాక ఫ్యూరీ కరుగుతూ ఉంటుంది. వార్‌లాక్‌లకు అది కొత్త ఆటలా అనిపించలేదు.