లలిత గేయం: వచ్చిన దారి, పోయిన దారి

తమిళనాడులోని రాజపాళయంలో తెలుగు చదవగలిగిన వాళ్ళకంటే తెలుగు వినగలిగిన వాళ్ళు చాలా ఎక్కువ. విజయనగర రాజుల కాలంలో ఆంధ్ర దేశం నుంచి దక్షిణానికి తరలివచ్చిన రాజు కులపు కుటుంబాలు పడమటి కనుమల పాదాల దగ్గర ఈ ఊళ్ళో నిలదొక్కుకున్నాయి. ఇంట్లో మాట తెలుగే. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, పెళ్ళి పత్రిక తమిళం, సినిమా తమిళం. తరాల తరబడి అక్షరం లేకుండా నోటి మీదే నిలిచిన తెలుగు అది. ఇలాంటి ఊరికి అచ్చయిన పుస్తకం చేరే దారి లేదు, పాడిన పాట చేరే దారి ఉండేది. కవి కృష్ణశాస్త్రి పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకునే పెద్దమ్మ కూడా ఆయన గేయాన్ని రేడియోలో విని అర్థం చేసుకోగలదు. అందుకే ఆకాశవాణిలో లలిత సంగీతం తగ్గడం విజయవాడ వాళ్ళకి ఒక కార్యక్రమం తగ్గడమైతే, ఇక్కడి వాళ్ళకి ఉన్న ఒక్క బడీ మూతపడడం.

ఆ బడి ఎలా పుట్టిందో చెప్పాలంటే మైకు దగ్గర మొదలుపెట్టాలి.

మైకు రాకముందు తెలుగు పాట వీధిలోనో రంగస్థలం మీదో బతికింది. నాటకంలో పద్యం అందుకున్న నటుడు ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా వినబడాలి. హార్మోనియం శ్రుతికి గొంతెత్తి, రాగాన్ని లాగి లాగి పాడాలి. గ్రామఫోను రికార్డుల మీదకి మొదట ఎక్కింది కూడా ఆ గొంతులే. గొంతు తగ్గించి, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెప్పుకున్నట్టు పాడవచ్చునన్న ఊహ స్టూడియోలో మైకు ముందు నిలబడ్డాకే నిజమైంది. లలిత గేయానికి రాగం ఉంటుంది, కచేరీ విస్తారం ఉండదు. ఆలాపన, నెరవు, స్వరకల్పన పక్కకు తప్పుకుంటాయి. ఒక పల్లవి, రెండు మూడు చరణాలు, వాటిలో ప్రతి మాటా విడిగా వినబడాలి. కవి ముందు నడుస్తాడు, సంగీతం అతని వెనకాల నడుస్తుంది.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో తమిళం, తెలుగు ఒకే కేంద్రంలోంచి వంతులవారీగా వచ్చేవి. రాజపాళయం అప్పుడు రామనాథపురం జిల్లాలో ఉండేది. ఆ ఊరివాళ్ళకి మద్రాసు కేంద్రం రెండు విధాలా సొంతమే. గాలిలో ఒకే స్టేషన్ మీద ఇంటి భాష, వీధి భాష రెండూ వినబడిన కాలం అది. అయితే అది అందరి కాలం కాదు. వాల్వుల సెట్టు కొనాలంటే డబ్బు ఉండాలి, పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన నూలు మిల్లు ఊరి చేతికి జీతం డబ్బులు తెచ్చింది గానీ, రేడియో మామూలు ఇళ్ళలోకి రావడానికి ట్రాన్సిస్టర్లు రావలసి వచ్చింది.

మద్రాసు స్టూడియోలో ఆ తొలి పాటలకి రూపం ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పుకోవాలి. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి సినిమాకి, రేడియోకి మధ్య గోడ లేనట్టు రెండింటిలోనూ పాడారు. బాలసరస్వతీదేవిని తెలుగులో తొలి లలిత సంగీత గాయనిగా చెప్పుకుంటారు. ఆ గొంతు మైకు కోసమే పుట్టినట్టుంటుంది, ఎక్కడా బిగిసి పలకదు. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడగలిగిన మనిషి. 1947 ఆగస్టు 15న ఆయన రాసిన స్వాతంత్ర్య గీతం టంగుటూరి సూర్యకుమారి గొంతులో మద్రాసు నుంచి వినబడింది. నండూరి సుబ్బారావు ఎంకి పాటలు, బసవరాజు అప్పారావు గేయాలు, కృష్ణశాస్త్రి పాటలు పుస్తకంలోంచి గాలిలోకి వచ్చాయి. ఆ కవుల భావకవిత్వం లేకపోతే లలిత సంగీతానికి మాటలు దొరికేవి కావు. లలిత సంగీతం లేకపోతే భావకవిత్వం కాలేజీ కుర్రాళ్ళని దాటి వంటింటి దాకా వెళ్ళేది కాదు.

ఇక్కడ హార్మోనియం సంగతి ఒకటి ఉంది. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియాన్ని నిషేధించారు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. అది న్యాయమని నేననను, ఎంతోమంది వాద్యగాళ్ళకి అది దెబ్బే. కానీ రంగస్థల పద్యాన్ని మోసిన ఆ వాద్యం స్టూడియోలోకి రాకపోవడంతో లలిత గేయం వీణ, వేణువు, వయొలిన్ల మధ్య పెరిగింది. మనం రేడియో పాట అనగానే గుర్తుపట్టే ఆ పలచని వాద్యాల అల్లికకి ఈ నిషేధం కూడా ఒక కారణం.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైంది. తెలుగు పాట తన ఇంటికి తాను వెళ్ళింది. రాజపాళయం వైపు నుంచి చూస్తే మాత్రం అది దూరమైంది. అసలు కళంటే ఈ ఊరికి ఆదరం తక్కువేమీ కాదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివాడే, తన సొంత ఇంటినే గాంధీ కళామన్రం అనే కళా సంస్థకి ఇచ్చేశాడు. కానీ రేడియో తరంగానికి ఊరి మీద అభిమానం ఉండదు. పగటి పూట మీడియం వేవ్ నేల వెంబడి కొంత దూరమే పాకుతుంది. సూర్యాస్తమయం అయ్యాక పై వాతావరణంలో దాన్ని మింగేసే పొర పలచబడుతుంది, తరంగం ఇంకా పైన ఉన్న పొరని తాకి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అంటే పగలు తిరునెల్వేలి కేంద్రం, రాత్రయితే ముల్లు జాగ్రత్తగా తిప్పుకుంటే 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ, 738 మీద హైదరాబాదు. గరగరల మధ్య తేలుతూ, మునుగుతూ వచ్చే తెలుగు. 1963లో మొదలైన తిరునెల్వేలి కేంద్రం ఈ ప్రాంతపు తమిళానికి పెద్ద అండ అయింది. తెలుగుకి మాత్రం చీకటి పడేదాకా ఆగాల్సిందే.

సముద్రం అవతల రేడియో సిలోన్ అనే ఇంకొక స్టేషను ఉండేది, శ్రోతలు దానివైపు ఎలా మళ్ళారో చెప్పాలి. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం జనానికి అలవాటు చేయాలన్నది ఆయన పట్టుదల. సినిమా పాటలకి రేడియోలో చోటు కుదించుకుపోయి, కొంతకాలం దాదాపు లేకుండా పోయింది. ఆ ఖాళీని నింపడానికి కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలకి జీవం పోశారు. కవులతో రాయించడం, బాణీ కట్టించడం, వాద్యబృందాన్ని జీతం మీద పెట్టుకోవడం అప్పుడే జోరందుకున్నాయి. కానీ శ్రోత ఊరుకోడు కదా. సినిమా పాట కావలసినవాళ్ళు రేడియో సిలోన్‌కి మళ్ళారు. హిందీలో బినాకా గీత్‌మాలా, దక్షిణాన తమిళ ప్రసారాలు, మీనాక్షీ పొన్నుదురై గొంతులో తెలుగు పాటలు. తమిళనాడు దక్షిణపు కొసలో సిలోన్ పొరుగు స్టేషను. లలిత గేయానికి ఊపిరి పోసిన నిర్ణయమే దాని శ్రోతల్ని పరాయి స్టేషనుకి అలవాటు చేసింది. తప్పు దిద్దుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. 1967 నుంచి అందులో వ్యాపార ప్రకటనలు కూడా వచ్చాయి.

అయినా ఆ తర్వాతి ఇరవై ముప్పై ఏళ్ళే లలిత గేయానికి పండుగ రోజులు. ఎందుకో చూడాలి, ఎందుకంటే పోవడం ఎలా పోయిందో అక్కడే తెలుస్తుంది. హైదరాబాదులో పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్. విజయవాడలో రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం. శాస్త్రీయ సంగీతంలో శిఖరాల్లాంటి వాళ్ళు నాలుగు నిమిషాల గేయం కోసం కూర్చునేవాళ్ళు. కవి రాసిన పాటకి బాణీ కుదిరాక వాద్యబృందంతో సాధన, ఆ తర్వాతే రికార్డింగు. పాట పూర్తయ్యాక ఒకసారి వేసి వదిలేయరు. ఈ మాసపు పాట అని నెలంతా వేస్తారు. ఈ పాట నేర్చుకుందామని పంక్తి పంక్తీ విడదీసి నేర్పుతారు. రేడియో ముందు పలకో కాగితమో పట్టుకుని కూర్చున్న పిల్లలకి నెల తిరిగేసరికి పాట వచ్చేస్తుంది. రాజపాళయం లాంటి చోట పిల్ల ఆ పాటని తమిళ లిపిలో రాసుకుంటుంది, ఒత్తులు తప్పినా చెవి సరిదిద్దుతుంది. ఇంత ఏర్పాటు ఉంటేనే మెత్తని పాట నిలుస్తుంది. కథ, కథానాయకుడు, పోస్టరు ఏవీ దాని వెనక లేవు. మళ్ళీ మళ్ళీ వినబడడం ఒక్కటే దానికి ఆస్తి.

ఆ ఆస్తి ఒక్కరోజులో పోలేదు. ఎనభైల్లో సాయంత్రాన్ని టీవీ పట్టుకుపోయింది. 1997లో ఆకాశవాణిని నడిపే ప్రసారభారతి ఏర్పడింది, ఖర్చు తగ్గించడం ముందుకొచ్చింది. రిటైరైన వీణ విద్వాంసుడి కుర్చీ, వేణువు వాయించే ఆయన కుర్చీ ఖాళీగా ఉండిపోయాయి. నియామకాలు దశాబ్దాల తరబడి దాదాపు లేవు. కొత్త పాట చేయడానికి మనుషులు లేక పాత టేపులే తిరిగాయి. వాటిలోనూ కొన్ని, టేపుల కొరత రోజుల్లో చెరిపేసి మళ్ళీ వాడినవి. అవి ఎక్కడా దొరకవు. జనం వినడం మానేశారు కాబట్టి చేయడం మానేశారని చాలామంది అంటారు. నాకు అది తలకిందుల లెక్కగా కనిపిస్తుంది. చేయడం ఆగింది, తర్వాత వినడానికి కొత్తది లేకపోయింది, ఆ తర్వాతే జనం వెళ్ళిపోయారు.

ఇది మన ఒక్కరి కథే అనుకోవద్దు. అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక 1961లో ఈజీ లిజనింగ్ పేరుతో ఒక పాటల పట్టిక మొదలుపెట్టింది. 1979లో దాని పేరు అడల్ట్ కాంటెంపరరీ అయింది. మెత్తని వాద్య సంగీతం రోజంతా వేసే స్టేషన్లు ఎనభైల్లో ఒకటొకటిగా మూతపడ్డాయి. మిగిలినవి లైట్ ఎఫ్ఎం అనిపించుకుని ప్రేమపాటలు వేసుకున్నాయి. 2007 నుంచి అక్కడి పెద్ద నగరాల్లో శ్రోతల లెక్క మారింది. అంతకుముందు జనం తాము విన్నది డైరీలో గుర్తుంచుకుని రాసేవాళ్ళు. ఇప్పుడు నడుముకి తగిలించుకున్న చిన్న యంత్రం చుట్టూ మోగే స్టేషన్ని తానే పసిగడుతుంది. ఏ పాట దగ్గర శ్రోత జారిపోయాడో నిమిషాల మీద తెలిసిపోయింది. నెమ్మది పాటలు ముందు తెగాయి. మనసు ఇచ్చిన మార్కులు డైరీలో ఉండేవి, యంత్రానికి అవి అక్కర్లేదు.

మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎం 2001లో బెంగుళూరులో మొదలైంది. 2006 తర్వాత మధురై, తిరునెల్వేలిలకి వచ్చింది. లక్షలు పోసి లైసెన్సు కొన్న కంపెనీ ప్రకటనల మీదే బతకాలి. ప్రకటన హుషారుగా ఉంటుంది, దాని పక్కన పాట నెమ్మదిగా ఉంటే స్టేషను నిద్రపోతున్నట్టు ఉంటుందని వాళ్ళ భయం. అందుకే పగలంతా దూకుడు పాట. మెత్తనిదాన్ని రాత్రి తొమ్మిది దాటాక పెట్టారు. అక్కడ ఇళయరాజా ఉన్నాడు. ఇదే కొండల వరుసకి ఉత్తరాన పణ్ణైపురంలో పుట్టిన మనిషి పాటలు దక్షిణ తమిళనాడు రాత్రిళ్ళని ఇప్పటికీ ఏలుతున్నాయి. రాజపాళయం తెలుగు ఇళ్ళు కూడా ఆ పాటల్నే తమవిగా చేసుకున్నాయి, అందులో విచారించాల్సింది లేదు. మెత్తని పాట మీద ఇష్టం చావలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దొరకనిది తెలుగులో మెత్తని పాట.

ఎఫ్ఎం తరంగం చూపు ఆనినంత దూరమే పోతుంది, రాత్రయినా వంగదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు దేశంలో చాలాచోట్ల మూగబోయాయి. ఉన్నవాటిని అందుకునే సెట్లు ఇళ్ళలో లేవు. రాత్రిపూట విజయవాడని రాజపాళయానికి తెచ్చిన ఆ ఆకాశమార్గం ఈ రెండు కారణాల వల్ల మూసుకుపోయింది. ఇప్పుడు ప్రసారభారతి యాప్‌లో విజయవాడ కేంద్రం పగలు కూడా గరగర లేకుండా వస్తుంది. కానీ యాప్‌లో వెతకాలంటే వెతకాల్సింది ఉందని ముందే తెలిసి ఉండాలి. రేడియో ముల్లు తిప్పుతూ అనుకోకుండా తెలుగు తగిలిన పిల్లకి అది తెలియాల్సిన పని ఉండేది కాదు.

చేయగలిగింది ఒకటి నాకు తోస్తుంది. రాజపాళయానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది, ఆండాళ్ పుట్టిన ఊరు. ఆమె తిరుప్పావైని కృష్ణశాస్త్రి తెలుగు పాటలుగా చేశారు. ధనుర్మాసపు తెల్లవారుజాముల్లో విజయవాడ కేంద్రం భక్తిరంజని కార్యక్రమంలో ఆ పాటలు వేసేది. ఆండాళ్ ఊరి పక్కన, తెలుగు మాట్లాడే ఊళ్ళో, ఆ తెలుగు తిరుప్పావై వినబడకపోవడం నాకు చాలా బాధగా ఉంది. టేపులు ఆకాశవాణివి, స్టేషన్లు ఆకాశవాణివి. ఇక్కడ మార్గళి అని పిలిచే ఆ నెల రోజులు తెల్లవారుజామున పావుగంట పాటు తిరునెల్వేలి గానీ మధురై గానీ వాటిని అందుకుని ప్రసారం చేస్తే కొత్త ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు, కొత్త జీతం అక్కర్లేదు. విజయవాడ నుంచి ఒక ఫైలు పంపడం, ఇక్కడ ఒకరు సంతకం పెట్టడం చాలు.