కెప్టెన్‌ని కన్న తల్లి

రగ్బీ మన ఇళ్లల్లో పెద్దగా ఎవరూ చూసే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడం, మీదపడి ఆపడం, అంతవరకే మనకు తెలుసు. న్యూజిలాండ్ వాళ్లకు మాత్రం అది ప్రాణం. వాళ్లు ఈనాటికీ తలచుకునే తొలినాళ్ల కెప్టెన్ డేవ్ గల్లహర్. ఆయన కథ చదువుతుంటే నా మనసు వాళ్లమ్మ దగ్గరే ఆగిపోయింది.

డేవ్ 1873లో ఐర్లాండ్‌లోని రామెల్టన్‌లో పుట్టాడు. తల్లి పేరు మరియా. 1878లో కుటుంబమంతా ఓడెక్కి న్యూజిలాండ్‌లోని కటికటి చేరింది. భూమి దొరుకుతుందని వెళ్లారు. దొరికిన భూమి అంతమంది కడుపు నింపలేకపోయింది. భర్త వయసులో చాలా పెద్దవాడు. మరియా బడిలో టీచరుగా చేరి, ఆ జీతంతో ఇల్లు నడిపింది. 1887లో జబ్బు చేసి పోయింది. అప్పటికి డేవ్‌కి 13 ఏళ్లు. బడి మానేసి పనికి కుదిరాడు.

ఆ పిల్లవాడే 1905లో బ్రిటన్ పర్యటనకు వెళ్లిన జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఓడలోనే కొందరు ఆటగాళ్లు గొణిగారు, కెప్టెన్‌ని తమనడగకుండా వేశారని. డేవ్ తప్పుకుంటానన్నాడు. ఓట్లు వేస్తే 17 మంది ఆయన వైపు, 12 మంది అటువైపు. అలాంటి జట్టుని కూడగట్టుకుని 35 ఆటల్లో 34 గెలిపించుకొచ్చాడు. ఓడింది ఒక్కటే, కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో, 3-0 తేడాతో. 'ఆల్ బ్లాక్స్' అన్న పేరు ఊరూరా పాకింది ఆ పర్యటనతోనే. 1906లో తోటి ఆటగాడు బిల్లీ స్టీడ్‌తో కలిసి రగ్బీ మీద పెద్ద పుస్తకమే రాశాడు. 13 ఏళ్లకే బడి మానినవాడు పుస్తకం రాశాడంటే, టీచరమ్మ కొడుకు కదా అనిపించింది నాకు.

అదే ఏడాది నెల్లీని పెళ్లి చేసుకున్నాడు. నోరా అని ఒక కూతురు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆయన నలభైల్లో ఉన్నాడు. ఎవరూ రమ్మని బలవంతపెట్టలేదు, తనంతట తానే వెళ్లాడు. 1917 అక్టోబర్ 4న బెల్జియంలోని పాషెండేల్ పోరులో చనిపోయాడు. సమాధి రాయి మీద వయసు 41 అని ఉంది. నిజానికి 43. సైన్యంలో వయసు తగ్గించి చెప్పుకున్నాడు. తమ్ముళ్లు డగ్లస్, హెన్రీ కూడా ఆ యుద్ధంలోనే పోయారు. ఆ కడుపుకోత చూడ్డానికి మరియా లేదు.

2011లో ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్ దగ్గర డేవ్ విగ్రహం పెట్టారు. గెలిచిన 34 ఆటలూ అందరికీ తెలుసు. నాకు మాత్రం వేరే లెక్క గుర్తుండిపోయింది. అమ్మ పోయేనాటికి డేవ్‌కి 13, నాన్న పోయేనాటికి నోరాకి 9.