కంప్యూటర్ గేమింగ్ వరల్డ్

కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ 1981 నవంబరు నుంచి 2006 వరకు ఈ పేరుతో అమెరికాలో వెలువడిన కంప్యూటర్ ఆటల పత్రిక. రసెల్ సైప్ కాలిఫోర్నియాలో దీన్ని స్థాపించాడు. యుద్ధవ్యూహ ఆటలు, సిమ్యులేషన్లు, రోల్ ప్లేయింగ్ ఆటలపై సుదీర్ఘ సమీక్షలు దీని ప్రత్యేకత. ‘స్కార్పియా’ కలంపేరుతో రాసిన సమీక్షకురాలు రోల్ ప్లేయింగ్, సాహస ఆటల లోపాలను నిర్మొహమాటంగా ఎత్తిచూపేది. ఆటగాళ్లు చిక్కుకుపోయే చోట్ల దారి చూపే సూచనలూ ఇచ్చేది. 1994 దాకా పత్రిక ఏ ఆటకూ మార్కులు వేయలేదు. గుణదోషాలు తెలియాలంటే సమీక్ష మొత్తం చదవాల్సిందే. విమర్శగా దాని విలువ అక్కడే ఉంది. తర్వాత అయిదు నక్షత్రాల కొలమానం వచ్చింది. 1996 నవంబరులో ప్రకటించిన 150 ఉత్తమ ఆటల జాబితాలో సిడ్ మైయర్ వ్యూహక్రీడ ‘సివిలైజేషన్’ (1991) ప్రథమ స్థానం పొందింది. 2006లో పత్రిక ‘గేమ్స్ ఫర్ విండోస్’గా మారి, 2008లో ఆగిపోయింది.