పసిపిల్లల ఉబ్బసం – శ్వాసమార్గ బాక్టీరియా: పరిశోధన చరిత్ర

ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులు ఉండవని వైద్యులు చాలాకాలం నమ్మారు. పసిపిల్లల్లో వచ్చే పిల్లికూతలకు వైరస్‌లు, ఉబ్బసానికి అలర్జీ కారణమని భావించేవారు. దాంతో బాక్టీరియా పాత్రపై పెద్దగా దృష్టి పడలేదు. ఈ అభిప్రాయం ఎలా మారిందో ఇప్పుడు తెలుసుకుందాం.

పరిశుభ్రతా పరికల్పన

1989లో బ్రిటిష్ పరిశోధకుడు డేవిడ్ స్ట్రాకన్, 1958లో పుట్టిన 17,000 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించాడు. తోబుట్టువులు ఎక్కువగా ఉన్నవారిలో అలర్జీ జలుబు తక్కువని గుర్తించాడు. చిన్నతనంలో ఒకరి నుంచి ఒకరికి సోకే అంటువ్యాధులు రక్షణ ఇస్తున్నాయేమోనని ఆయన ఊహించాడు. సూక్ష్మజీవులు మేలు కూడా చేయవచ్చనే ఆలోచన దీనితో బలపడింది.

కోపెన్‌హాగన్ అధ్యయనం

డెన్మార్క్‌లో హాన్స్ బిస్‌గార్డ్ బృందం, ఉబ్బసం ఉన్న తల్లులకు పుట్టిన శిశువులను ఏళ్ల తరబడి గమనించింది. ఏ లక్షణాలూ లేని 321 మంది శిశువుల గొంతు కింది భాగం నుంచి నెల వయసులో నమూనాలు తీసింది. 2007లో ఫలితాలు వెలువడ్డాయి. 21 శాతం శిశువుల్లో న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా కాటరాలిస్‌లలో ఒకటైనా కనిపించింది. అయిదేళ్ల వయసు నాటికి వీరిలో 33 శాతం మందికి ఉబ్బసం ఉండగా, ఆ బాక్టీరియా లేనివారిలో 10 శాతం మందికే ఉంది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు మాత్రం ఇలాంటి సంబంధం కనిపించలేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. నమూనాలు వ్యాధి కంటే ముందే తీసినవి. కనుక వ్యాధి వచ్చాకే బాక్టీరియా చేరిందని అనలేం. అయినా బాక్టీరియాయే కారణమని తేలిపోలేదు. పుట్టుకతోనే రోగనిరోధక వ్యవస్థలో ఉన్న లోపం రెండింటికీ మూలం కావచ్చు.

తర్వాతి పరిణామాలు

2010లో లండన్ పరిశోధకులు డీఎన్ఏ పద్ధతితో శ్వాసనాళాల లోపల కూడా బాక్టీరియా ఉంటుందని చూపారు. ఉబ్బసం రోగుల్లో హీమోఫిలస్ వంటివి ఎక్కువగా కనిపించాయి. 2016లో డెన్మార్క్ బృందం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు ఆయాసం వచ్చినప్పుడు మూడు రోజులు అజిత్రోమైసిన్ ఇచ్చి చూసింది. మందు మొదలుపెట్టాక ఆయాసం సగటున 3.4 రోజులు, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 7.7 రోజులు కొనసాగింది. అయితే ఆయాసం త్వరగా తగ్గడం వేరు, ఉబ్బసం రాకుండా ఆపడం వేరు. పైగా యాంటీబయాటిక్‌లను విరివిగా వాడితే బాక్టీరియా వాటిని తట్టుకునే శక్తి పెంచుకుంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కోపెన్‌హాగన్ ఫలితాలు సంబంధాన్ని చూపాయా, కారణాన్ని నిరూపించాయా? చర్చించండి.