తిరిగే తలుపు వేరు, పని తలుపు వేరు: యూరప్ వీసాల కథ

ఈమధ్య మన క్యాంపుల్లో ఒక మాట బాగా వినబడుతోంది. "ఇక్కడ ఎన్నేళ్లు చేసినా ఇంతే అన్నా. పోలండో మాల్టానో ఒక్కటి పట్టుకుంటే చాలు. ఒక్క వీసా పడితే 29 దేశాలు మనవే. ఇష్టమైతే జర్మనీలో చేస్కో, లేదంటే ఫ్రాన్స్‌లో చేస్కో." ఈ మాట చెప్పే ఏజెంటు పూర్తిగా అబద్ధం చెప్పడు. సగం నిజమే చెబుతాడు. అందుకే నమ్మబుద్ధి అవుతుంది. నమ్మి ఊళ్లో పొలం కుదువ పెట్టినవాళ్లు, చిట్టీ ఎత్తినవాళ్లు, ఆడవాళ్ల ఒంటి మీది బంగారం బ్యాంకులో పెట్టినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఆ మాటలో ఏ సగం నిజం, ఏ సగం అబద్ధం అన్నది తేలాలంటే ఈ వీసాలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి. అందుకే ఈసారి మన పుస్తకంలో ఆ చరిత్ర రాస్తున్నాం. కొంచెం ఓపికగా చదవండి.

పాస్‌పోర్టు అడగని కాలం

1914కు ముందు పశ్చిమ యూరప్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాలంటే చాలాచోట్ల పాస్‌పోర్టే అడిగేవారు కాదు. రష్యా, టర్కీ లాంటి కొన్ని దేశాలు మాత్రం అడిగేవి. ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ త్స్వైగ్ ఆ రోజుల్లో తాను పాస్‌పోర్టు లేకుండానే ఇండియాకూ అమెరికాకూ వెళ్లివచ్చానని తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మరి అదే కాలంలో మనవాళ్ల సంగతేమిటి? 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను నాటాల్‌కు తీసుకుపోయిన మొదటి ఓడ అదే. ఆ తర్వాతి ఏళ్లలో తెలుగు జిల్లాల నుంచి కూడా ఎందరో అలాగే ఓడెక్కారు. కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు అన్నీ కాగితం మీదికి ఎక్కేవి. ఐదేళ్లు ఒకే యజమాని దగ్గర పని. అంటే సరదాగా తిరిగే దొరకు కాగితం అక్కర్లేదు, పనికి పోయే కూలీకి మాత్రం తప్పదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఈ కథ అంతా దాని చుట్టే తిరుగుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే గూఢచారుల భయంతో అన్ని దేశాలూ సరిహద్దుల్లో కాగితాలు అడగడం మొదలుపెట్టాయి. యుద్ధం ముగిసింది గానీ ఆ కాగితం పోలేదు. 1920 అక్టోబర్‌లో నానాజాతి సమితి తరఫున పారిస్‌లో సమావేశమై, పాస్‌పోర్టు 32 పేజీల చిన్న పుస్తకంగా ఉండాలని ఒక నమూనా ఖాయం చేశారు. మన దేశంలోనూ అదే 1920లో బ్రిటిష్ ప్రభుత్వం పాస్‌పోర్టు చట్టం తెచ్చింది.

1973: నూనె ఒకటే, కథలు రెండు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ మళ్లీ ఇళ్లు, కర్మాగారాలు కట్టుకోవాల్సి వచ్చింది. మనుషులు చాలలేదు. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను పిలిపించుకుంది. వాళ్లకు "అతిథి కార్మికులు" అని పేరు పెట్టారు. పేరులోనే ఉంది, పని అయ్యాక పోవాలని.

1973లో అరబ్ దేశాలు చమురు ధర పెంచాయి. యూరప్ ఆర్థికంగా దెబ్బతింది. ఆ ఏడాది నవంబర్ 23న పశ్చిమ జర్మనీ బయటి కార్మికుల నియామకం ఆపేసింది. 1974లో ఫ్రాన్స్ కూడా ఆపింది. అదే చమురు డబ్బుతో గల్ఫ్‌లో రోడ్లు, రేవులు, పట్నాలు లేచాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మన ముందుతరం ఇటు దారి పట్టింది. చమురు ఒక్కటే. అక్కడ తలుపు మూసింది, ఇక్కడ తెరిచింది.

యూరప్ మూసుకున్నది బయటివాళ్లకు మాత్రమే. 1957లో రోమ్ ఒప్పందంతో ఒక్కటైన ఆరు దేశాలు 1968 నాటికి తమ పౌరులు ఆరింటిలో ఎక్కడైనా పని చేసుకునే హక్కు ఇచ్చాయి. ఇటలీవాడు జర్మనీలో పర్మిట్ లేకుండా పని చేయొచ్చు. కానీ సరిహద్దులో మాత్రం ఆగి కాగితం చూపించాల్సిందే. గమనించండి, అక్కడ పని తలుపు ముందు తెరిచారు, తిరిగే తలుపు ఇంకా తెరవలేదు.

లారీ డ్రైవర్ల పంతం

ఆ రెండో తలుపు తెరుచుకోవడానికి కారణమైనవాళ్లలో లారీ డ్రైవర్లు ఉన్నారు. 1984 మొదట్లో ఇటలీ, ఫ్రాన్స్ సరిహద్దులో కస్టమ్స్ ఉద్యోగుల ఆందోళన వల్ల లారీలు రోజుల తరబడి చలిలో ఆగిపోయాయి. విసిగిపోయిన డ్రైవర్లు ఫ్రాన్స్‌లో రోడ్లకు అడ్డంగా లారీలు పెట్టేశారు. ప్రభుత్వాలు కదలక తప్పలేదు. అదే ఏడాది జూలై 13న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ తమ రెండు దేశాల మధ్య తనిఖీలు తగ్గిస్తూ సార్‌బ్రుకెన్‌లో ఒప్పందం చేసుకున్నాయి.

మరుసటి ఏడాది, 1985 జూన్ 14న, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాల ప్రతినిధులు మోసెల్ నది మీద ఒక పడవలో కూర్చుని సంతకాలు పెట్టారు. ఆ ఒడ్డున ఉన్న ఊరు షెంగెన్. ద్రాక్షతోటల మధ్య చిన్న పల్లె. లక్సెంబర్గ్, ఫ్రాన్స్, జర్మనీ మూడూ అక్కడే కలుస్తాయి. ఈ రోజు మనం వీసా మీద చూసే "షెంగెన్" ఆ పల్లె పేరే. అప్పటికి యూరప్ కూటమిలో పది దేశాలుంటే సంతకం పెట్టింది ఐదే. వెంటనే తలుపులు తెరుచుకోలేదు కూడా. 1990 జూన్ 19న వివరమైన నిబంధనలు రాసుకున్నారు. 1995 మార్చి 26న స్పెయిన్, పోర్చుగల్‌తో కలిపి ఏడు దేశాల మధ్య తనిఖీలు ఎత్తేశారు. తర్వాత ఒక్కొక్కటిగా కలిసి ఇప్పటికి 29 దేశాలయ్యాయి. పోలండ్, మాల్టా లాంటివి 2007 డిసెంబర్‌లో, క్రొయేషియా 2023 జనవరిలో చేరాయి. నార్వే, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేవు, షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నాయి, షెంగెన్‌లో లేవు. బ్రిటన్ ఎన్నడూ షెంగెన్‌లో లేదు. కాబట్టి షెంగెన్ వీసా చూపించి లండన్‌లో దిగుతానంటే కుదరదు.

బయటివాళ్లకు ఏం రాసుకున్నారు?

మనకు కావలసింది ఈ 1990 నాటి నిబంధనలే. అందులో మనలాంటి బయటి దేశాలవాళ్ల గురించి కూడా రాశారు. సూటిగా చెబితే ఇలా ఉంటుంది.

షార్ట్ స్టే వీసా, అంటే "సి" రకం. దీని మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకుండా తిరగొచ్చు. చూడటానికి, చుట్టాల ఇంటికి, మీటింగులకు. ఉద్యోగానికి కాదు.

ఒక దేశం ఇచ్చిన రెసిడెన్స్ కార్డు ఉంటే, చెల్లే పాస్‌పోర్టుతో కలిపి మిగతా షెంగెన్ దేశాలకు వేరే వీసా లేకుండా పోయి రావొచ్చు. అదీ 180 రోజుల్లో 90 రోజులే. ఏజెంటు చెప్పే సగం నిజం ఇదే. కానీ పని చేసే హక్కు మాత్రం కార్డు ఇచ్చిన దేశంలోనే, పర్మిట్‌లో రాసిన పనికే.

"డి" రకం, అంటే లాంగ్ స్టే వీసా సంగతి ఇంకా విచిత్రం. 2010 వరకూ ఆ వీసా మీద దిగినవాడు కార్డు చేతికి వచ్చేదాకా పక్క దేశానికి పోవడానికి వీలుండేది కాదు. కార్డు రావడానికి నెలలు పట్టేది. ఆ ఇబ్బంది చూసి 2010 ఏప్రిల్ 5 నుంచి "డి" వీసా ఉన్నవాళ్లకూ కార్డు ఉన్నవాళ్లలాగే తిరిగే వెసులుబాటు ఇచ్చారు. అదీ తిరగడానికే.

మనకు తెలిసిన లెక్కలో చెప్పుకుందాం. కువైటీ తన గుర్తింపు కార్డు చూపించి సౌదీకి పోయి వస్తాడు. కువైట్ అకామా ఉన్న మనం సౌదీలో పని చేయగలమా? చేయలేం. పోలండ్ కార్డుతో జర్మనీలో పని కూడా అలాంటిదే. తేడా ఒక్కటే. అక్కడ మధ్యలో చెక్‌పోస్టు ఉండదు కాబట్టి బస్సెక్కి పోవడం సులువు. సులువుగా పోగలిగాం కాబట్టి చట్టం ఒప్పుకుందని అనుకుంటే మోసపోతాం.

పోలండ్ పౌరుడికే ఆగాల్సి వచ్చింది

ఇది మనమీద కక్షతో పెట్టిన నిబంధన కూడా కాదు. పోలండ్ పౌరుల సంగతే చూడండి. పోలండ్ 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2007 డిసెంబర్ 21 నుంచి పోలండ్‌వాడు తనిఖీ లేకుండా జర్మనీలోకి నడిచి పోగలిగాడు. కానీ జర్మనీలో పర్మిట్ లేకుండా పని చేసే హక్కు వచ్చింది 2011 మే 1న. మూడేళ్లకు పైగా తిరిగే తలుపు తెరిచి, పని తలుపు మూసి ఉంచారు.

రుమేనియా, బల్గేరియా వాళ్లది తలకిందుల కథ. 2007లో యూనియన్‌లో చేరారు. పని ఆంక్షలు 2014 జనవరి 1కల్లా జర్మనీ, బ్రిటన్ లాంటి చోట్ల తొలగిపోయాయి. సరిహద్దు తనిఖీలు మాత్రం విమానాశ్రయాలు, రేవుల్లో 2024 మార్చి 31న, రోడ్ల మీద 2025 జనవరి 1న పోయాయి. యూరప్ సొంత పౌరులకే రెండు తలుపులకు రెండు తాళాలు. ఒక దేశం కార్డు ఉంటే రెండూ ఒకేసారి తెరుచుకుంటాయని మనకు చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మాలో ఆలోచించండి.

"కంపెనీయే పంపిస్తుంది" అనే మాట

ఇక్కడ ఏజెంటు ఇంకో మాట తెస్తాడు. "పోలండ్ కంపెనీ నిన్ను జర్మనీ సైటుకు పంపిస్తుంది, అంతా లీగలే." ఇందులోనూ కొంత నిజం ఉంది. దాని వెనక ఒక కేసు ఉంది.

బెల్జియంలో వాండర్ ఎల్స్ట్ అనే యజమానికి పాత కట్టడాలు కూల్చే కంపెనీ ఉండేది. 1989లో ఆయన ఫ్రాన్స్‌లోని రాఁస్ పట్నంలో ఒక కట్టడం కూల్చడానికి ఎనిమిది మందిని పంపాడు. నలుగురు బెల్జియంవాళ్లు, నలుగురు మొరాకోవాళ్లు. మొరాకోవాళ్లకు ఫ్రాన్స్ వర్క్ పర్మిట్ లేదని అక్కడి అధికారులు జరిమానా వేశారు. కేసు యూరప్ న్యాయస్థానం దాకా పోయింది. 1994 ఆగస్టు 9న తీర్పు వచ్చింది. ఒక దేశంలో చట్టబద్ధంగా, నిలకడగా పని చేస్తున్న కార్మికుణ్ణి అతని కంపెనీ కొద్ది కాలం పక్క దేశం పనికి పంపితే, ఆ పక్క దేశం మళ్లీ వర్క్ పర్మిట్ అడగకూడదని.

మంచి తీర్పే. కానీ అందులో షరతులు చూడండి. ఆ నలుగురూ ఎన్నో ఏళ్లుగా నిజంగా బెల్జియంలో ఆ కంపెనీలోనే పని చేస్తున్నారు. జీతం అక్కడే, పర్మిట్ అక్కడే. పని అయ్యాక తిరిగి అక్కడికే. కాగితం మీద మాత్రమే ఉన్న కంపెనీ పేరు చెప్పి, దిగిన వారానికే ఇంకో దేశంలో గోడౌన్‌లో పెడితే ఈ తీర్పు మనల్ని కాపాడదు. పైగా ఇప్పటికీ జర్మనీ ఇలా పంపే బయటి దేశాలవాళ్లకు ఆ కేసు పేరుతోనే ప్రత్యేక వీసా అడుగుతుంది.

న్యాయమైన దారి ఇంకొకటి ఉంది. 2003లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన ప్రకారం, ఒక దేశంలో ఐదేళ్లు ఎడతెగకుండా చట్టబద్ధంగా ఉన్నవాళ్లు దీర్ఘకాల నివాస హోదాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వస్తే ఇంకో దేశంలో పనికి దరఖాస్తు చేసుకునే వీలుంటుంది. దారి పొడుగే, కానీ అది ఉంది.

మళ్లీ మొదలైన తనిఖీలు

2015లో శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు మళ్లీ పెట్టింది. 2024 సెప్టెంబర్ 16 నుంచి తన అన్ని భూసరిహద్దుల్లోనూ పెట్టింది. బస్సు ఆపి పాస్‌పోర్టు, కార్డు చూపించమంటారు. 2025 అక్టోబర్ 12న షెంగెన్ బయటి సరిహద్దుల్లో కొత్త కంప్యూటర్ పద్ధతి మొదలైంది. షార్ట్ స్టే మీద వచ్చేవాళ్ల వేలిముద్ర, ముఖం ఫొటో తీసి, వచ్చిన తేదీ, పోయిన తేదీ నమోదు చేస్తారు. ఇదివరకు ముద్రలు చూసి రోజులు లెక్కబెట్టేవారు. ఇప్పుడు 91వ రోజు ఎప్పుడన్నది యంత్రమే చెబుతుంది. విజిట్ వీసా మీద పోయి ఉండిపోదాం అనుకునేవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ఖల్లివెల్లి బతుకు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. జీతం ఎగ్గొట్టినా నోరెత్తలేం, జబ్బు చేసినా ఆసుపత్రికి పోవాలంటే భయం. అది చలిదేశంలో అయితే ఇంకా కష్టం.

యూరప్ పోవద్దని మేము చెప్పడం లేదు. సరైన దారిలో పోయి బాగుపడినవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. వీసా "సి" రకమా, "డి" రకమా? వర్క్ పర్మిట్‌లో ఏ దేశం, ఏ కంపెనీ, ఏ పని రాసి ఉంది? జీతం ఇచ్చేది ఎవరు, ఏ దేశంలో? ఇండియా నుంచి పంపే ఏజెంటు అయితే ఆయన పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు దొరికేదాకా పొలం కాగితాలు ఇంట్లోనే ఉంచండి.

నాటాల్ ఓడెక్కిన మనవాళ్లలో చాలామందికి తమ చేత వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో చదువుకునే వీలు లేదు. మనకు ఉంది. చదువు రాని అన్న ఎవరైనా ఆ కాగితం పట్టుకుని ఫోరమ్‌కు వస్తే, పక్కన కూర్చుని చదివి చెప్పడానికి మేమున్నాం.