నివురు కింద నిప్పు: మన్యం ఇళ్ళలో చలికాలం

లంబసింగికి మన పెద్దలు పెట్టుకున్న పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడు ఆ చలిని చూడటానికి డిసెంబరు వస్తే చాలు, మైదానం నుంచి కార్లు బారులు తీరి వస్తున్నాయి. మంచులో ఫొటోలు తీసుకుని, వేడి టీ తాగి, పది గంటలకల్లా ఘాట్ దిగిపోతారు. చలి మాత్రం మనతోనే ఉండిపోతుంది.

ఈ సంచిక కోసం మన ఆటలు, పండుగలు, పోరాటాల గురించి చాలామంది రాస్తారు. మేము వసతిగృహంలో పిల్లలను చూసుకునేవాళ్ళం కాబట్టి మా కంటికి కనిపించే చరిత్ర వేరు. రాత్రి పిల్ల ఎలా పడుకుంది, పొద్దున ఎలా లేచింది అన్నదే మా లెక్క. అందుకే డబ్బు లేని రోజుల్లో మన కొండల మీది ఇల్లు చలికాలాన్ని ఎలా దాటేది, ఆ తెలివి ఎక్కడ జారిపోయింది అన్నది రాస్తున్నాం.

ముందు చలి సంగతి. పాడేరు, అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. లంబసింగి ఇంకొంచెం పైన ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని బడిలో పాఠం చెబుతాం. అయితే ఎత్తు ఒక్కటే కారణం కాదు. కార్తీకం దాటాక ఆకాశంలో మబ్బు ఉండదు. నేల పగలంతా తీసుకున్న వేడిని రాత్రి ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళలాగే వాలు దిగి లోయలో నిలుస్తుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం, మినుములూరు కాఫీ బోర్డు దగ్గర నమోదయ్యే అంకెలు ఆ రోజుల్లో పేపర్లో వస్తుంటాయి. 10 డిగ్రీల లోపు మనకు మామూలే. ఇంకా దిగిపోయే రాత్రులూ ఉంటాయి. మన ఊళ్ళు చాలావరకు లోయ అడుగున కాకుండా కాస్త ఎగువన, వాలు మీద ఉంటాయి గమనించారా? అడుగున నీరు నిలిచే చోట వరిమడి, దానికి పైన ఇళ్ళు. మడికి నీళ్ళు కావాలి కాబట్టి అలా కట్టారని అందరూ అంటారు, అది నిజమే. చల్లగాలి నిలిచే చోటు కూడా అదే.

ఇక ఇల్లు. గదబల పాత ఇల్లు గుండ్రంగా ఉండేది. గోడ పొట్టిగా ఉంటే పైన గడ్డికప్పు కోసుగా లేచి, చూరు దాదాపు నేల దాకా దిగేది. అలాంటివి ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. విశాఖ, శ్రీకాకుళం తీరంలోనూ చుట్టిళ్ళు ఉండేవి. అక్కడ తుఫాను గాలికి మూల దొరకకూడదని గుండ్రంగా కట్టారు. మన దగ్గర దాని లాభం ఇంకొకటి. లోపల అంతే చోటున్న నలుచదరపు ఇంటికంటే గుండ్రటి ఇంటికి గోడ తక్కువ. గోడ తగ్గితే చలికి ఆనే చోటూ తగ్గుతుంది. కోదుల ఊళ్ళలో దారి ఇంకొకటి. ఎదురెదురుగా రెండు వరసలు, వరసలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనించి, ఒకే పొడుగాటి కప్పు కింద ఉంటాయి. నడిమి ఇంటికి రెండు పక్కలా పక్కవాళ్ళ పొయ్యి వెచ్చదనమే కాపలా. ఆ వరస చివరి ఇల్లు ఎవరికి పడితే వాళ్ళకు చలి ఎక్కువ. ఈ మాట ఇంజనీరు చెప్పలేదు, ఆ ఊరి నుంచి వచ్చి మా దగ్గర చదివిన పిల్లే చెప్పింది.

గోడ వెదురు తడికకు రెండు పక్కలా మట్టి మెత్తినదో, లేదా పూర్తిగా మట్టితోనే పెట్టినదో ఉంటుంది. పైన పేడ, ఎర్రమట్టి అలుకు. దళసరి మట్టిగోడ పగటి ఎండను మెల్లగా తాగి రాత్రి మెల్లగా వదులుతుంది. తలుపు పొట్టిది, వంగి వెళ్ళాలి. కిటికీ ఉండదు. బయటివాళ్ళు వచ్చినప్పుడల్లా ‘వెలుతురు లేదు, గాలి లేదు’ అని రాసుకుపోయారు. గాలి లేకపోవడమే కాదు, గాలి ఎక్కడి నుంచి పోవాలో కూడా ఆ ఇంటికి తెలుసు. పొగ గడ్డికప్పు సందుల్లోంచి నెమ్మదిగా పైకి పోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

కప్పు ఎండిన కొండగడ్డి. ఒక్కొక్క పరక మధ్య ఇరుక్కున్న గాలే అసలు కంబళి. దాని కింద వెదురు అటక ఉంటుంది. అటక మీద చోళ్ళు, సామలు, మొక్కజొన్న కండెలు, విత్తనాల బుర్రలు. కోతలయ్యాక, అంటే సరిగ్గా చలి ముదిరే నెలల్లో, అటక నిండుగా ఉంటుంది. నెత్తిన పంటే రెండో కప్పు. పొయ్యి పొగ ఆ విత్తనాలకు పురుగు పట్టకుండా, గడ్డికి చెద పట్టకుండా కాపాడేది. ఒకే కట్టెతో కూడు ఉడికి, ఇల్లు వెచ్చబడి, విత్తనం నిలిచి, కప్పు నాలుగేళ్ళు ఎక్కువ ఉండేది. చవక అంటే మన పెద్దలకు అర్థం ఇదే.

ఆ పొయ్యిని రాత్రి ఆర్పేవాళ్ళు కాదు. అన్నం దించాక పెద్ద మొద్దు ఒకటి లోపలికి తోసి, నిప్పుల మీద బూడిద కప్పేవారు. నివురు గప్పిన నిప్పు అని తెలుగులో సామెతగా వాడతారు గానీ, మన ఇళ్ళలో అది ప్రతి రాత్రీ చేసే పని. బూడిద కింద గాలి తక్కువ కాబట్టి నిప్పు మెల్లగా కాలి తెల్లారేదాకా వెచ్చదనం ఇచ్చేది. వేకువన ముసలమ్మ లేచి నివురు ఊది, ఎండుపుల్ల వేసేది. ఎవరింట్లోనైనా నిప్పు చల్లారిపోతే పక్కింటికి పిడక పట్టుకుని వెళ్ళేవారు. పిల్లలు, ముసలివాళ్ళు పొయ్యి చుట్టూ, పడుచువాళ్ళు గోడల పక్కన పడుకునేవారు. కోళ్ళ గంప ఇంట్లోనే, పశువులు ఆనుకున్న కొట్టంలో.

ఇక ఒంటి మీద బట్ట. గదబ ఆడవాళ్ళు కెరంగ్ అనే చెట్టునారతో చారల బట్ట సొంతంగా నేసుకునేవారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చువేయించిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలోనూ గదబల నారబట్ట సంగతి ఉంది. మిగిలినవాళ్ళకు సంతే ఆధారం. పసుపు, చింతపండు, పిప్పళ్ళు దించి ఉప్పు, బట్ట తెచ్చుకోవడం. కంబళి కొనడం అంటే ఇంటికి ఒక పెద్ద ఖర్చు. అది పెద్దవాళ్ళకే. పిల్లలకు పాత చీరలు మడతలు వేసి కుట్టిన బొంత. లోపలికి కూడా వేడి కావాలి కదా: పొద్దున్నే చోడి అంబలి వేడిగా, ఉలవచారు, దగ్గు వస్తే పిప్పలి మోడి కషాయం. సాయంత్రం ఊరి నడుమ నెగడు, దాని చుట్టూ థింసా. థింసాను ఇప్పుడు స్టేజీ మీద పట్టపగలు చూస్తున్నాం. పుష్యమాసం రాత్రి చేతులు వెనక్కి పెనవేసుకుని ఆడితే అది ఒంటికి ఏం చేస్తుందో ఆడినవాళ్ళకే తెలుసు.

ఇవన్నీ ఊరికే వచ్చేవి అనుకుంటాం. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఊరికే రాలేదు. గడ్డి, వెదురు, కట్టె, మొద్దు ఏది కావాలన్నా అడవిలోంచే తేవాలి. ఆ అడవి రిజర్వు అయ్యాక, నిన్నటిదాకా మన చూరుది అయిన గడ్డికి ఇవాళ ఒకరి అనుమతి కావలసి వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. పోడు మీద నిషేధం, అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, ఇవే ఆ తిరుగుబాటుకు కారణాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. మేము పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఒక మాట కలుపుతాం. అడవి ఆంక్ష అంటే పొలం ఒక్కటే కాదు, రాత్రి పొయ్యిలో మొద్దు కూడా. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును, పొదల పుల్లలను, మోళ్ళను పేరుపేరునా చేర్చింది. ఎవరో ఒకరికి పొయ్యి గుర్తొచ్చినందుకు సంతోషం.

పొయ్యిని మేము పొగడటం లేదు. ఆ పొగకు మా అమ్మమ్మల కళ్ళు పోయాయి, దగ్గు కడదాకా వదల్లేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాసు కొండ ఎక్కినప్పుడు వద్దన్నవాళ్ళు మాలో లేరు. కానీ గ్యాసు అన్నం ఉడికించి ఆగిపోతుంది. అరగంటలో పని అయిపోతుంది, ఇల్లు చల్లగానే ఉంటుంది. 1985 నుంచి ఇందిరా ఆవాస్ ఇళ్ళు, ఆ తర్వాత వచ్చిన పథకాల ఇళ్ళు వానకు కారని కప్పునిచ్చాయి. కానీ ఆ ప్లాను మైదానపు ఎండకు గీసినది. పల్చటి గోడ, స్లాబు లేదా రేకు, రెండు పెద్ద కిటికీలు. రేకు రాత్రి పది గంటలకే మంచు ముద్ద. సిమెంటు నేల ఒంట్లో ఉన్న వేడి లాగేస్తుంది. మా వసతిగృహాలూ అవే ప్లానులే.

ఒక ఏడాది దుప్పట్లు రావలసిన నెలలో రాలేదు. జంపఖానా ఒకటి కింద, పాత దుప్పటి ఒకటి పైన. ఆడపిల్లలు ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు ముడుచుకుని పడుకునేవారు. రాత్రి రౌండుకు వెళ్తే పళ్ళు కొట్టుకునే చప్పుడు వినిపించేది. తట్టుకోలేక వంటగదిలో నిప్పులు కుంపటికి ఎత్తి చిన్నపిల్లల గదిలో పెట్టాం. చలిగాలి రాకుండా తలుపులు, కిటికీలు బిగించాం. అర్ధరాత్రి ఒక పిల్ల తలనొప్పి అంటూ లేచి వాంతి చేసుకుంది. రెండో పిల్లను లేపితే మత్తుగా తూలింది. అదృష్టం బాగుండి తలుపులు తీశాం. అందరినీ వరండాలోకి తెచ్చాం, తెల్లారేసరికి కోలుకున్నారు. బొగ్గు నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని, దానికి వాసన ఉండదని మేము ట్రైనింగులో చదువుకున్నవాళ్ళమే. చదువు ఆ రాత్రి గుర్తుకు రాలేదు, అమ్మమ్మ ఇల్లు గుర్తుకు వచ్చింది. అమ్మమ్మ ఇంటికి గడ్డికప్పు ఉందన్నది మాత్రం మరిచిపోయాం. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. ఆ ఇంట్లో నిప్పు, కప్పు కలిసి పనిచేసేవి. స్లాబు కింద నిప్పు ఒంటరిది. దయచేసి ఎవరూ తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకండి.

ఆ వారం మనవరాలిని చూడటానికి వచ్చిన ఒక ముసలమ్మ పిల్లల పక్కలు చూసి, ‘‘ఏటమ్మా, పైన దుప్పట్లంటారు, కిందేటేశారు? నేల ఒంట్లో ఏడంతా తాగేస్తాది తల్లీ’’ అంది. మాకు బుర్రకు తట్టనిది అదే. అప్పుడు వరి నూర్పుళ్ళ కాలం, గడ్డికి కొదవ లేదు. బియ్యం వచ్చిన ఖాళీ గోనెలు రెండేసి కలిపి కుట్టి, ఎండుగడ్డి కూరి పరుపులు చేశాం. సూదీ పురికొసా ఖర్చు తప్ప ఇంకేమీ కాలేదు. ఎండ ఉన్న పూట బయట ఆరవేయాలి, గడ్డి నలిగి చెమ్మ పడితే మార్చాలి, దీపం, అగ్గిపెట్టె దరికి రానివ్వకూడదు. కిటికీలకు గోనె తెరలు కట్టాం. పొద్దున పది నుంచి ఎండవైపు తలుపులు బార్లా తీసి, నాలుగు కొట్టేసరికి మూసేస్తాం, గాలి ఆడటానికి పైన చిన్న సందు ఉంచి. చిన్నపిల్లల గదిలో స్లాబు కింద వెదురు చాపలు కట్టించాం, మన అటక లాగే. థర్మామీటరు పెట్టి కొలవలేదు గానీ, రాత్రి రౌండులో పళ్ళ చప్పుడు ఆగిపోయింది. దుప్పట్లు సంక్రాంతి దాటాక వచ్చాయి. పిల్లలు వాటినీ గోనె పరుపుల మీదే పరుచుకున్నారు.

2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద గదబ, పోర్జ, కోదు ఊళ్ళకు మళ్ళీ కొత్త ఇళ్ళు వస్తున్నాయి. పోయిన పుష్యమాసంలో మా పిల్లల్లో ఒకరి ఊరు వెళ్ళాం. కొత్త ఇల్లు ముందు ఉంది, తాళం వేసి. లోపల బియ్యం, ట్రంకు పెట్టె, టీవీ. వెనకాల ఆ ఇంటాయన మిగిలిన ఇసుక, రాళ్ళు పక్కకు జరిపి, వెదురు తడికతో, మట్టితో చిన్న పాక వేసుకున్నాడు. పైన గడ్డి. ‘‘ఇది వంటకా?’’ అని అడిగితే ఆయన భార్య నవ్వి, ‘‘చలి పోయేదాకా పడక కూడా ఇందులోనే మేడం’’ అంది. వంగి లోపలికి వెళ్ళాం. పొయ్యిలో మొద్దు, దాని మీద నివురు.