రాజ్యానికి ముందే పుట్టిన పతాకం

మధ్యధరా సముద్ర తీరం నుండి సహారా ఎడారి గర్భం వరకు విస్తరించిన ఉత్తరాఫ్రికా దేశం అల్జీరియా. రాజధాని అల్జీర్స్. వైశాల్యం 23,81,741 చదరపు కిలోమీటర్లు. 2011లో సూడాన్ రెండు దేశాలుగా విడిపోయిన నాటి నుండి ఆఫ్రికా ఖండంలో ఇదే అతి పెద్ద దేశం. అరబ్బీతో పాటు స్థానిక బెర్బెర్ ప్రజల తమజీగ్ భాషకు 2016లో అధికార భాషా ప్రతిపత్తి లభించింది.

సాధారణంగా రాజ్యం ఏర్పడిన పిదప పతాకం, గీతం రూపొందుతాయి. అల్జీరియాలో ఈ క్రమం తారుమారైంది. 1830 నుండి ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఆ దేశంలో, 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన సంబరాల వేళ, సెతీఫ్ పట్టణపు ఊరేగింపులో అల్జీరియా పతాకాన్ని చేబూనిన బూజీద్ సాల్ అనే యువకుడు పోలీసు కాల్పులకు బలి అయ్యాడు. తదనంతర దమనకాండలో వేలాది మంది హతులయ్యారు.

1954 నవంబరు 1న సాయుధ విమోచన పోరాటం ఆరంభమైంది. మరుసటి సంవత్సరం అల్జీర్స్‌లోని బార్బెరూస్ చెరసాలలో కవి ముఫ్దీ జకారియా ‘కసమన్’ గీతాన్ని రచించాడు. ప్రమాణం చేయడమే ఆ శీర్షికలోని భావం. బాణీ కూర్చినవాడు ఈజిప్టు సంగీతజ్ఞుడు ముహమ్మద్ ఫౌజీ.

1962 జూలై 5న స్వాతంత్ర్యం సిద్ధించింది. ఆకుపచ్చ, తెలుపు సగభాగాల నడుమ ఎర్రని నెలవంక, నక్షత్రం గల పతాకానికి, ‘కసమన్’ గీతానికి 1963లో అధికార ముద్ర పడింది. ఫ్రాన్స్‌ను పేరుపెట్టి సంబోధించే చరణంతో సహా గీతాన్ని సంపూర్ణంగా ఆలపించవలసిన అధికారిక సందర్భాలను 2023లో అధ్యక్ష శాసనం నిర్దేశించగా, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి ఆక్షేపించారు. చెరసాలలో పలికిన పదాలు నేటికీ రెండు ప్రభుత్వాల మధ్య సజీవమైన చరిత్రే.